వంటయింటి క్రొత్త పెట్టెల మరమ్మతు



పాతవస్తువు చెడినప్పుడు బాగుచేయించుకొనుట మన యిండ్లలో నిత్యవ్యవహారమే. కళాయి పోయిన గిన్నెకు కళాయి వేయింతుము; కాలు విరిగిన పీటకు వేఱొక కాలు తొడిగింతుము. అందుల కెవ్వరును చిన్నబుచ్చుకొనరు. కాని సొమ్ము చెల్లించి తెప్పించుకొన్న క్రొత్తవస్తువు, ఇంకను గోడకు తగిలింపక మునుపే, మూల నలిగియో పైపొర లేచియో కనబడినచో మనస్సు చివుక్కుమనును. అట్టివేళ మనలో కొందఱు "ఇదంతయు తిరిగి తీసికొనిపొండు" అని పట్టుబట్టుదురు. మఱికొందఱు వంటయిల్లు లేక పిల్లలు పడు నవస్థను జూచి, "ఏదో మెత్తి సరిపెట్టి వెళ్లుడు" అందురు. మొదటిమాట కోపముచే వచ్చును. రెండవది విసుగుచే వచ్చును. ఏ చెక్కను ఉన్నచోటనే బాగుచేయింపవచ్చునో, దేనిని త్రోసిపుచ్చవలెనో వంటచేయు స్త్రీయే నిర్ణయింపగలదు. దానికి వడ్రంగము నేర్చి యుండనక్కఱలేదు. నీరెక్కడ చేరునో, బరువెక్కడ వ్రేలాడునో మనకంటె నెక్కువ యెఱిగినవారెవరు?

ఈ కాలమున "మాడ్యులర్ కిచెను" అను మాట పల్లెలకును వచ్చినది. వంటగట్టు క్రిందను పైని వరుసగా నమర్చు పెట్టెలే యవి. ప్రతిపెట్టెకును రెండు ప్రక్కచెక్కలు, అడుగుచెక్క, వెనుక నొక పలుచని పలక, ముందు తలుపులో సొరుగులో యుండును. కార్ఖానాలో కోసి, పైని సన్మైకా యంటించి, అంచులకు పట్టీలు వేసి, విడివిడిగా నింటికి దెచ్చి యిచ్చట బిగింతురు. కోయుట యొకచోట, బిగించుట యొకచోట నగుటచేతనే దెబ్బలు తగులుటకు నడుమ సందు దొరకుచున్నది.

మా హవేలిఘనపూర్ మెదకు పట్టణమునకు సమీపముననున్న యూరు. ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చు జిల్లాసంస్థ యిచ్చటనే యున్నది. 2016వ సంవత్సరమున తెలంగాణములో జిల్లాలను పునర్విభజించినప్పుడు ఇది మండలకేంద్రమైనది. ఇచ్చటి పాతయిండ్లలో వంటయింటి గోడలలోనే గూళ్లుండును. కొన్నింట షాబాదుబండ యరలుండును. ఆ బండ నీటికి ఉబ్బదు, చెదలకు లొంగదు. సౌకర్యములో మాత్రము అది నేటి సొరుగులకు సాటిరాదు. వంగి, చేయి చాచి, వెనుకనున్న పప్పుడబ్బాను తడుముకొనుటలో నడుములు పడిపోయిన పెద్దవారిని నేనెఱుగుదును. కావున పాతదే మేలని నేను వాదింపను. మావారు బడిపంతులు, నెలనెలకు కొంత దాచి, మూడేండ్లకు మేమును ఈ పెట్టెలను చేయించుకొంటిమి.

గత వర్షాకాలమున అవి పట్నమునుండి ట్రాలీయాటోలో వచ్చినవి. కప్పిన టార్పాలిను ఒకవైపు చినిగియున్నది. బిగించుటకు వచ్చినవా రిద్దఱు: నడివయస్సు మేస్త్రి యొకడు, ఆయన మేనల్లుడు ఇరువదేండ్ల కుఱ్ఱవాడొకడు. సామాను దింపకమునుపే మొబైలుఫోనుతో నన్నిటికిని చిత్రములు తీసితిని. విప్పిన పిమ్మట తీసిన చిత్రము, దెబ్బ యెచ్చట తగిలినదో చెప్పజాలదు. విప్పకమునుపు తీసినదే సాక్ష్యము. అట్లు తీయుచుండగా క్రిందివరుస పెట్టె యొక్కదాని అట్ట అడుగున జేనెడు మేర తడిసి నల్లబడి యుండుట కంటబడినది.

విప్పిచూడగా నష్టము నాలుగుచోట్ల గనబడెను. ఎత్తైన ప్రక్కచెక్క యొకదాని మూల నేలకు కొట్టుకొని నలిగి, పొరలు విచ్చుకొన్నది. పై తలుపు రెండింటికి పిడి ప్రక్కన సన్మైకా బియ్యపుగింజంత లేచినది. సొరుగుల ప్రక్కనున్న తలుపునకు కీలు బిగించు రంధ్రము ముందే యెవరో మర తిప్పి తిప్పి వదులుచేసి యున్నారు. మర గుండ్రముగా తిరుగునే గాని పట్టదు. ఇక ఆ తడిసిన యట్టలోనిది సింకు క్రిందికి రావలసిన పెట్టె. దాని అడుగుచెక్క అంచు పొంగిన అప్పమువలె ఉబ్బియున్నది. కొలబద్ద పెట్టిచూచితిని, 18 మిల్లీమీటర్లుండవలసినది ఆ చోట 21 ఉన్నది.

మేస్త్రి అన్నిటిని కలయజూచి, "ఏం ఫికరు లేదమ్మా! లప్పం పెట్టి రంగుమైనం రాస్తే కండ్లకు గూడ ఆనదు" అనెను.

"కండ్లకు ఆనకపోవచ్చు గాని, నీళ్లకు ఆనదా మేస్త్రీ?" అంటిని.

ఆయన నవ్వి యూరకుండెను. పనితెలిసినవాడు గనుకనే నవ్వెను.

ఒక్కొక్క చెక్క చేయవలసిన పని వేఱు. ఈ సంగతిని మొదట గట్టిగా పట్టుకొన్నవారిలో ఆస్ట్రియాదేశపు శిల్పిని మార్గరెటె ష్యూట్టె-లిహోట్‌స్కీ యను నామె యొకతె. 1926వ సంవత్సరమున జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టునగరమున కార్మికకుటుంబముల యిండ్లకై ఆమె చిన్న వంటయింటిని రచించెను. అట్టివి పదివేలవఱకు కట్టబడినవి. నేటి మన పెట్టెల వరుసలకు అదియే మూలమందురు. అందులో పిండి యుంచు సొరుగును పురుగుపట్టకుండుటకై ఓకుకఱ్ఱతోను, కూరలు తఱుగు పలకను కత్తిగాటునకు నిలుచుటకై బీచికఱ్ఱతోను చేయించెనట. ఏ చోటికి ఏ కఱ్ఱ యని యడిగిన యామె ప్రశ్ననే మనము మరమ్మతు వేళ కూడ నడుగవచ్చును. ఈ దెబ్బ నీరు చేరుచోట నున్నదా, బరువు పట్టుచోట నున్నదా, లేక కన్ను పడుచోట మాత్రమే యున్నదా? కన్ను పడుచోటిదైనచో ఉన్నచోటనే సరిచేయింపవచ్చును. బరువు పట్టుచోటిదైనచో సరిచేయింపవచ్చును గాని పని శాస్త్రోక్తముగా జరుగవలెను. నీరు చేరుచోట ఉబ్బిన పొట్టుపలకకు మందు లేదు.

పొట్టుపలక యనగా పార్టికల్ బోర్డు. చెక్కతునకలను, రంపపుపొట్టును జిగురుతో కలిపి వేడిమిలో నొత్తి చేయుదురు. ఒత్తిడిచే నణగియున్న తునకలు నీటిని పీల్చినంతనే విచ్చుకొని లేచును. ఎండబెట్టినచో నీరు పోవును గాని విచ్చుకొన్న తునకలు మఱల నణగవు. గోటితో నొక్కినచో అటుకులవలె రాలును. చిత్రికపట్టి చదును చేయుదమన్నచో పైనున్న గట్టిపొర పోయి లోపలి బోలుభాగము బయటపడును. ప్లైవుడ్డు స్వభావము వేఱు. పలుచని కఱ్ఱపొరలను అడ్డముగా నిలువుగా మార్చి మార్చి యంటించుటచే దానికి బలము వచ్చును. పొర విచ్చుకొన్నను జిగురెక్కించి మఱల కలుపవచ్చును. ప్లైవుడ్డులోను భేదములు కలవు. పలకమీద ఐ.యస్.ఐ. ముద్రయు సంఖ్యయు చూడుడు. ఐ.యస్. 710 అనునది నీటిచోట్లకు తగినది. దాని జిగురును పరీక్షించునప్పుడు 72 గంటలు మరుగునీటిలో నుంచుదురు. ఐ.యస్. 303 అనునది సామాన్యోపయోగమునకు. మా పెట్టెలలో నిలువుచెక్కలు ప్లైవుడ్డువి. అడుగుచెక్కలు మాత్రము పొట్టుపలకవి. ధర తగ్గుటకై అట్లు చేయుట వాడుకయట. నీరు మొదట చేరునది అడుగునకే గదా! ఎవరి బుద్ధికి తోచిన పొదుపో గాని, తలక్రిందుల పొదుపు.

నలిగిన మూలతో పని మొదలైనది. కుఱ్ఱవాడు తెల్లజిగురును కొంచెము నీటితో పలుచజేసి, సన్నని మొనగల సీసాతో విచ్చుకొన్న పొరల నడుమకు ఎక్కించెను. పిదప మూలకు రెండువైపులను చదునైన కొయ్యముక్కలుంచి, అవి యంటుకొనకుండ నడుమ ప్లాస్టిక్కు కాగితము వేసి, క్లాంపుతో బిగించెను. రెండుగంటలలో విప్పుదునని మేనమామతో ననుచుండెను. వర్షాకాలపు గాలిలో జిగురు త్వరగా ఆరదు గనుక మఱునాటి యుదయమువఱకు ముట్టవలదని మేస్త్రి చెప్పెను. మఱునాడు విప్పిచూడగా పొరలు కలిసిపోయినవి. మిగిలిన చిన్నగుంటను కఱ్ఱలప్పముతో నింపి, ఆరినపిమ్మట ఉప్పుకాగితముతో రుద్ది, అంచుపట్టీని క్రొత్తగా వేసిరి. ఇప్పుడు వ్రేలితో తడిమినను తెలియదు.

వదులైన కీలురంధ్రమున కుఱ్ఱవాడు అగ్గిపుల్లలు క్రుక్కబోయెను. తేలిక తలుపునకు అది కొన్నాళ్లు నిలుచును గాని, దినమునకు ఇరువదిసారులు తెఱచు తలుపునకు చాలదు. మేస్త్రి ఆ రంధ్రమును 8 మిల్లీమీటర్లకు పెద్దదిగా తొలిచి, అంతే లావుగల గట్టికఱ్ఱ చీలకు జిగురు పూసి దిగగొట్టెను. జిగురు ఆరినపిమ్మట ఉలితో తలను చదునుగా కోసి, నడుమ సన్నని దారి తొలిచి, అందులో మరను బిగించెను. చివరి రెండు చుట్లు యంత్రముతో గాక చేతితోనే తిప్పెను. యంత్రము ఆగవలసినచోట నాగదు. రంధ్రములు చెడుటకు ముఖ్యకారణ మదియే. ఇంకొక మాట. తలుపు వంకరగా నున్నదని పెట్టె చెడినదని భ్రమపడవలదు. నేటి దాగుడుకీళ్లకు ప్రక్కకు, ముందువెనుకలకు, పైక్రిందులకు జరుపుకొనుటకు మరలుండును. మా పొరుగామె తలుపు మార్పించుమని మూడునెలలు పోరాడినది; తుదకు మరను అరచుట్టు త్రిప్పినంతనే సరియైనది.

సన్మైకా లేచిన బియ్యపుగింజ గాయములకు రంగుమైనమే చాలును. గీఱిన దుమ్మును తుడిచి, తలుపు రంగునకు సరిపోవు మైనమును కరగించి నింపి, ఆరగానే చదునైన ప్లాస్టిక్కు ముక్కతో గీకివేయుదురు. పొయ్యి ప్రక్కనున్న తలుపునకు మాత్రము మైనము పనికిరాదు, వేడికి కారిపోవును. రంపపుపొట్టును తెల్లజిగురుతో కలిపి పెట్టుట మన వడ్రంగులకు పరిపాటి. అది ఆరినపిమ్మట చుట్టునున్న కఱ్ఱకంటె నల్లబడునని తెలిసి, కనబడని లోపలిచోట్లకే వాడించవలెను.

పెట్టెలు గోడకు చేర్చునప్పుడు మఱియొక చిక్కు వచ్చినది. మా గోడ పాతది. నిలువున అంగుళమంత వంకర యున్నది. కావున గోడవంకరను చెక్కమీద గీచుకొని, ఆ గీతవెంబడి చెక్కను కోయవలెను. క్రొత్తదెబ్బలు తగులునది ఇక్కడనే. గీతమీద కాగితపు టేపు అంటించి, కత్తితో లోతుగా గీఱి, పిదప కోసినచో సన్మైకా అంచు పెళుసులు లేవదు. చేతిరంపము క్రిందికి త్రోయునప్పుడు కోయును గనుక మంచిముఖము పైకుండవలెను. తిరుగుడురంపము పండ్లు క్రిందినుండి పైకి లేచును గనుక దానితో కోయునప్పుడు మంచిముఖము క్రిందికుండవలెను. కోసినచోట పచ్చికఱ్ఱ బయటపడును. దానిని వార్నీషుతోనో సిలికానుతోనో మూసినగాని గోడకు చేర్పనీయకుడు. నీళ్లగొట్టము పోవుటకై తొలిచిన రంధ్రపుటంచులకును ఇదే నియమము. ఆ రంధ్రమును మూయని యిల్లు నేనింతవఱకు పదింట తొమ్మిది చూచితిని.

మా జిల్లాలోని కొల్చారము మల్లినాథసూరిగారి యూరు. కాళిదాసు కావ్యములకు ఆయన వ్రాసిన వ్యాఖ్యకు "సంజీవని" యని పేరు. మూలములో లేనిదానిని వ్రాయననియు, అక్కఱలేనిదానిని చెప్పననియు ఆయన నియమము పెట్టుకొనెను. చిన్ననాట మా తండ్రిగారియొద్ద ఆ వ్యాఖ్య చదువుకొన్నప్పటినుండి నాకు మరమ్మతనగా నదియే జ్ఞాపకమునకు వచ్చును. మేస్త్రి నలిగిన మూలను కూర్చిన తీరు ఆ నియమమునకు లోబడినది. అక్కఱకు మించి యొక్క మేకు కొట్టలేదు. కార్ఖానా యజమాని ఫోనులో చెప్పిన ఉపాయము మాత్రము వేఱు జాతిది.

ఆయన చెప్పినదేమనగా: ఉబ్బిన యంచునకు సిలికాను పూసి, ముందు కాళ్లు కనబడకుండ వేయు పలకను తగిలించినచో ఏమియు గానరాదు, పెట్టె మార్చినచో మఱొక వారము పట్టును, మఱునాడే నల్లబండ వేయువారు వచ్చుచున్నారు గనుక పని యాపవలదు. ఆ చివరిమాటయే నాకు మేలుకొలుపైనది. గ్రానైటుబండ చదరపడుగునకు సుమారు 5 కిలోల బరువు. మా గట్టు పొడవు 10 అడుగులు, వెడల్పు 2 అడుగులు. అనగా క్వింటాలు బరువు ఆ పెట్టెల తలమీద నిలుచును. బండ యెక్కి, సింకు దిగి, అతుకులు ఆరినపిమ్మట క్రింది పెట్టెను లాగవలెనన్న బండను లేపవలెను. లేపునప్పుడు సింకు కోసినచోట బండ విఱుగుటయు కద్దు. బండకు ముందు పెట్టె మార్చుట వారముదినముల పని. బండకు వెనుక అది యిల్లు కదల్చినంత పని. "బండవారిని నేనే ఆపుదును, పెట్టె మార్చియే తీరవలెను, అడుగుచెక్క ఐ.యస్. 710 పలకతో నుండవలెను, ధరలో తేడా యున్నచో నేనిత్తును" అని చెప్పితిని.

ఆయన కొంతసేపు మాటలాడక, పిదప, "సరే. ఆ పిల్లవాడు దింపేటప్పుడు నీళ్లలో పెట్టియుంటడు. వాని కూలిలో కోసుకొంట" అనెను.

ఫోను బిగ్గరగానే పలుకుచుండెను. కుఱ్ఱవాడు రంపము చేతబట్టుకొని నిలిచిపోయెను. పెట్టె ఖరీదు వానికి ఎన్నిదినముల కూలియో నేను లెక్కవేయలేదు గాని వాని ముఖమున నది తెలియుచునే యుండెను. మేస్త్రి తలవంచుకొనెను, యజమానికెదురు పలికిన మఱునాడు పని యుండదు.

ఇట్టిచోట జాలిమాటలు పనికిరావు, కాగితము పనికివచ్చును. పెట్టె ఆటోలోనుండగనే అట్ట తడిసియున్న చిత్రము, దానిపై గంటతో సహా, నా ఫోనులో నున్నది. సామాను ముట్టినట్లు సంతకము చేయవలసిన చలానుమీద, "సింకు క్రింది పెట్టె యట్ట ఆటోలోనుండగనే తడిసియున్నది, దింపుటలో పనివారి తప్పు లేదు, అడుగుచెక్క 18కి 21 మిల్లీమీటర్లు ఉబ్బినది, మార్చవలెను" అని వ్రాసి, తేదీవేసి సంతకము చేసితిని. దాని చిత్రమును, ఆటోలోని చిత్రమును యజమానికి పంపితిని. కడపటి విడత సొమ్ము, అనగా మొత్తములో నాలుగవవంతు, క్రొత్తపెట్టె బిగించిన దినమున ముట్టునని తెలియజేసితిని. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణచట్టమును బట్టి రెండేండ్లలోపల జిల్లా కమిషనులో ఫిర్యాదు చేసికొనవచ్చునని నాకు తెలిసియు నుండెను. ఆ మాట యెత్తవలసిన యగత్యము రాలేదు. సాయంకాలమునకు ప్రత్యుత్తరము వచ్చినది: పెట్టె పంపుదురు; కూలి కోయరు.

ఆ వారముదినములు వసారాలో సిలిండరు పెట్టుకొని వండితిమి. లోపల సన్మైకా జిగురు పని జరుగుచుండగా వంటయింట పొయ్యి వెలిగింపరాదు. ఆ జిగురు ఆవిరి నిప్పునంటుకొనును. కిటికీలన్నియు తెఱపించి, పిల్లలను అటు రానీయకుంటిని. ఎనిమిదవనాడు పెట్టె వచ్చినది. అడుగుచెక్కమీది ముద్రను కుఱ్ఱవాడే ముందుగా వెదకి నాకు చూపెను. నాలుగంగుళముల ప్లాస్టిక్కు కాళ్లమీద నిలిపి, రసమట్టము పెట్టి, గొట్టపు రంధ్రపుటంచులకు వార్నీషు రెండుపూతలు వేసి, సందు సిలికానుతో మూసిరి. ఒక దినము ఆరనిచ్చి, మఱునాడు బండ యెక్కించిరి. మిగిలిన సన్మైకా ముక్కలు రెండు, ఒక జత కీళ్లు, అంచుపట్టీ బారెడు అడిగి పుచ్చుకొని పై యరలో భద్రపఱచితిని. అదే రంగు మఱల దొరకునో లేదో.

సొమ్ము ముట్టజెప్పినపిమ్మట మేస్త్రి సామాను సర్దుకొనుచుండగా కుఱ్ఱవాడు గడపయొద్ద తారాడుచుండెను. ఏమి నాయనా యని యడిగితిని.

"అమ్మా, ఆ చలాను మీద రాసినట్టు, సామాను దించక ముందుగాల ఏమేం రాసుకోవాల్నో నాకొక కాగితం మీద రాసిస్తరా? వచ్చే ఇంటికాడ నేనే రాసుకుంట."

పిల్లల నోటుపుస్తకములో నుండి యొక పుట చింపి, పెద్దయక్షరములతో వ్రాసి యిచ్చితిని. దానిని నాలుగుమడతలు పెట్టి, కొలబద్ద యుంచుకొను జేబులో పెట్టుకొనెను.